చక్రం కింద చెక్క

నేను ముప్పై నాలుగేళ్ళు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ల బ్రేకులు చూశాను. అంటే బండ్లను ఆపడం నా పని. రిటైరవడానికి రెండేళ్ళ ముందు మొదలుపెట్టి, మొత్తం ఆరేళ్ళు, ఒకే ఒక్క బండిని దేశంలో అందరికన్నా వేగంగా ఉరికించాలని తిరిగాను. మొదటి పని నాకు జీతమిచ్చింది. రెండోది నా ఎడమ చెవిని, పద్నాలుగు కిలోల ఒంటిని, మా ఇంటి బీరువా తలుపును తీసుకుంది. ఇంకేం తీసుకోబోయిందో చివర చెప్తాను.

వర్క్‌షాపులో కొత్తగా చేరేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎట్లా వస్తాయో ఇందులో ఉండదు. అది నాకూ సరిగ్గా తెలియదు. లాగ్‌బుక్కు ఎట్లా నింపాలో మీకు ఎవరో ఒకరు నేర్పుతారు, తప్పుగానే నేర్పుతారు. మేమందరం అట్లాగే నేర్చుకున్నాం.

ఓదెలు కాలివేళ్ళు

డంపర్ అంటే బొగ్గూ మట్టీ మోసే ఇల్లంత బండి. దాని చక్రం నాకన్నా ఎత్తు. దాని కింద దూరి పనిచేసేటప్పుడు చక్రాలకు అడ్డంగా మద్దిచెక్క దిమ్మెలు పెడతాం. మా భాషలో వాటి పేరు ఉత్త 'చెక్క'. గనిలో కోట్ల రూపాయల యంత్రాలున్నాయి కానీ, మనిషి ప్రాణం ఎక్కువసార్లు ఆ చెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

నాకప్పటికి పదేళ్ళ సర్వీసు. పనంతా నాకే వచ్చనుకునే వయసు. ఒకరోజు ఫస్టు షిఫ్టులో ఓదెలు అనే ఫిట్టరు డంపర్ కింద బ్రేకు పైపు మారుస్తున్నాడు. చెక్క పెట్టుకున్నది అతనే. అవతల క్వారీ నుంచి బండి కావాలని ఫోను మీద ఫోను. నేను వచ్చి చూస్తే పానాలన్నీ బయట సర్ది ఉన్నాయి, పైపు బిగించి ఉంది. పని అయిపోయిందనుకుని చెక్క లాగేశాను. పని అయిపోయిన మాట నిజమే. ఓదెలు మాత్రం జేబులోంచి జారిపడ్డ తంబాకు డబ్బా వెతుక్కుంటూ ఇంకా కిందే ఉన్నాడు. బండి మూరెడు జారింది. అతని ఎడమకాలి వేళ్ళు మూడు పోయాయి.

ఓదెలుకు తరవాత స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. ఇప్పటికీ బజార్లో కనపడితే, "ఏం కొమురన్నా, నా వేళ్ళు మంచిగున్నయా?" అని అడుగుతాడు. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నవ్వలేకపోయాను.

ఆరోజు ఇంటికొచ్చి మా ఆవిడ సరోజ ముందు కూర్చుని ఏడ్చాను. ఆ తరవాత ఎన్నేళ్ళో, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక వంకతో ఆమెకు అదే చెప్పేవాణ్ణి. "చెక్క పెట్టినోడే తియ్యాలె సరోజా. ఇంకోడు ముట్టద్దు." ఆమె, "పప్పు వెయ్యాల్నా?" అనేది. విన్నట్టే ఉండేది కాదు.

రత్నం సారు పెట్టిన రూలు

అప్పుడు మా ఇంజనీరు రత్నం సారు. రాజమండ్రి మనిషి. ఓదెలు సంగతి జరిగినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసిమ్మన్నాడు, చదివాడు, మర్నాడు పొద్దున ఒక పసుపు పెయింటు డబ్బా తెచ్చి వర్క్‌షాపు మధ్యలో పెట్టాడు.

"ప్రతి ఫిట్టరుకూ రెండు చెక్కలు. వాటి మీద పేరు రాసుకోండి. పెట్టినవాడే తియ్యాలి. నేనొచ్చి అడిగినా తియ్యకూడదు. అర్థమైందా?"

రూలు పెట్టడం ఎవరైనా పెడతారు. దాని మీద నిలబడ్డాడా లేదా అన్నది పెద్దవాళ్ళొచ్చినప్పుడు తెలుస్తుంది. ఒకసారి జీఎం వచ్చాడు. అదే సమయానికి క్వారీకి పోవాల్సిన డంపర్ చక్రం కింద చెక్క ఉంది. చెక్క మీద పేరు 'కొమురయ్య'. నేను పక్కనే ఉన్నాను.

"కొమురయ్య ఎవరు? నువ్వేనా? తియ్యి మరి" అన్నాడు జీఎం.

నేను వంగబోయాను. రత్నం సారు నా భుజం పట్టుకున్నాడు. "పేరు ఇతనిదే సార్. చెక్క అడిగి తీసుకుని పెట్టింది ఇంకో ఫిట్టరు, అంకూసు. పెట్టిన చెయ్యే తియ్యాలి."

"ఆ అంకూసు ఎక్కడ?"

అంకూసు క్యాంటీన్లో మిర్చి బజ్జీలు తింటున్నాడు. కబురు పంపితే, ప్లేటులో ఇంకా రెండున్నాయని తిరుగు కబురు పంపాడు. తనను పిలుస్తున్నది జీఎం అని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు. జీఎం, ఆయన వెంట వచ్చిన ఆరుగురు ఆఫీసర్లు, మేమందరం, రెండు మిర్చి బజ్జీలు అయిపోయేదాకా చెక్క చుట్టూ నిలబడ్డాం. ఆ తరవాత సారు ప్రమోషన్ ఏమైందో అడగకండి. ప్రమోషన్ల సంగతి చెప్పనని ముందే అన్నాను.

నేను పదకొండు మంది ఇంజనీర్ల కింద పనిచేశాను. రత్నం సారు లాంటివాడు ఇంకొకడు లేడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇక ముందు రాయబోయేది చదివి ఆయన్ను పిచ్చివాడనుకుంటారని. పిచ్చే. కానీ అది ఎట్లాంటి మనిషి పిచ్చో గుర్తుంచుకోవాలి.

ముప్పై దాటితే మెమో

గనిలో డంపర్ గంటకు ముప్పై కిలోమీటర్లు దాటకూడదు. దాటినవాడికి సారు మెమో ఇచ్చేవాడు. సర్వీసంతా ఇచ్చాడు. ఆయన రిటైరయ్యాక ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆమె, సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళింది. సారు రెండు నెలల్లో వస్తానని చెప్పి గోదావరిఖనిలోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వెనకాల పెద్ద రేకుల షెడ్డు ఉన్న ఇల్లు. నన్ను పిలిచి ఏదో రికార్డుల పుస్తకంలోంచి చింపిన కాగితం చూపించాడు. సొంత చేతులతో తయారుచేసిన డీజిలు బండిని ఎవరో ఉత్తరాది ఆయన గంటకు నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో నడిపాడట, దేశంలో అదే రికార్డట.

"కొమురయ్యా, ముప్పై దాటిన ప్రతివాడికీ మెమో ఇచ్చాను. ఒక్కసారి మనం దాటి చూద్దామయ్యా" అన్నాడు.

రెండు నెలలని మొదలుపెట్టింది ఆరేళ్ళు పట్టింది. అమ్మగారు మొదట్లో రోజూ ఫోను చేసేది. తరవాత ఆదివారాలు. తరవాత పండగలకు. మూడో ఏటి నుంచి సారుకు మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మా ఇంటి నుంచే పోయేది.

మంచిర్యాల పాత సామాన్ల దుకాణంలో, బోల్తా పడ్డ కారులోంచి ఇంజను దొరికింది. రేకు తక్కువ పడితే మా బీరువా తలుపు ఊడదీసి బండి ముక్కుకు కొట్టాను. "దొంగలొస్తే ఎట్ల?" అని సరోజ అడిగింది. "బీరువల ఏమున్నదని?" అన్నాను. ఆమె చీరలన్నీ ఆరేళ్ళు దుప్పటి కప్పుకుని ఉన్నాయి. సారు నూట మూడు కిలోలుంటాడు కాబట్టి బండి నేనే నడపాలన్నది తేలింది. నేను డెబ్బై నాలుగు. అరవైకి దిగాలన్నాడు. ఆదివారం మటన్ వండి, నా కంచంలో రెండు జొన్నరొట్టెలూ దోసకాయ ముక్కలూ పెట్టి, నా ఎదురుగా కూర్చుని తినేది సరోజ. పగ తీర్చుకోవడానికి ఆమెకు మాటలు అవసరం లేదు.

షెడ్డులో ఇంజను పరీక్షించేటప్పుడు చెవులకు పెట్టుకునేవి గోడకు తగిలించే ఉండేవి. వర్క్‌షాపులో అవి పెట్టుకోని పిల్లలను నేనే బయటికి పంపేవాణ్ణి. ఇక్కడ నేనే పెట్టుకోలేదు. శబ్దం వింటేనే ఇంజను సంగతి తెలుస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. రెండో ఏటికి ఎడమ చెవి పోయింది. అప్పటినుంచి సరోజ తిట్టాలనుకుంటే కుడివైపుకు వచ్చి కూర్చుంటుంది.

ఇంకొక్కటి చెప్పాలి. ఇది నవ్వే విషయం కాదు. సరోజకు కంటి ఆపరేషన్ అయిన రోజే కొత్త టైర్లు వచ్చాయి. "నువ్వు పో, నేను గంటల వస్త" అన్నాను. ఆమె పక్కింటామెను తోడు తీసుకుని ఆటోలో దవాఖానకు పోయింది, కంటికి పట్టీతో ఆటోలోనే తిరిగి వచ్చింది. నేను వచ్చేసరికి ఒంటి కన్నుతో బియ్యం ఏరుతోంది. తిట్టినా బాగుండేది. అప్పుడు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. అయినా మర్నాడు షెడ్డుకు పోయాను. పిచ్చి అంటే అదే.

ఆ బియ్యం ఏరేటప్పుడు ఆమె కూర్చున్నది నా చెక్క మీదే. రిటైరైన రోజు అందరూ శాలువాలు తెచ్చుకుంటారు, నేను శాలువాతో పాటు నా పేరున్న చెక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. సరోజ దాన్ని వంటింట్లో పీట చేసుకుంది.

తెల్లచొక్కాల సార్లు

ఊరి బయట పాత విమానాల మైదానం ఒకటి ఉంది. విమానాలు మానేసి చాలా కాలమైంది. చుట్టుపక్కల రైతులు దాని మీద మక్కజొన్నలు ఎండబోసుకుంటారు. రికార్డు కోసం మైదానం అడిగితే, "మక్కలు ఎండినంక ఇస్తం" అన్నారు. అట్లా కార్తీక మాసంలో ఒక పొద్దుటికి కుదిరింది.

హైదరాబాదు నుంచి రికార్డుల వాళ్ళు ఇద్దరు వచ్చారు. మల్లెపూలలాంటి తెల్లచొక్కాలు. వాళ్ళ నిబంధన ఏమిటంటే, బండి అటొకసారి ఇటొకసారి ఉరకాలి, రెంటికీ మధ్య గంటకు మించకూడదు, రెండు వేగాల సగటే లెక్క. నిప్పంటుకుంటే ఆర్పడానికి రాజలింగును పిలిచాం. రాజలింగు మా గనిలో నీళ్ళ ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు, ఇప్పుడు సొంతంగా ట్రాక్టరు ట్యాంకరు పెట్టుకున్నాడు.

అన్నిటికన్నా వింత, సరోజ వచ్చింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా షెడ్డు గడప తొక్కని మనిషి, మంచి చీర కట్టుకుని, చంకలో పీట పెట్టుకుని ఆటో దిగింది.

"చూద్దామని వచ్చినవా?" అన్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"ఊఁ" అంది. ఒక చెట్టు నీడన పీట వేసుకుని కూర్చుంది.

మొదటి పరుగు గురించి ఎక్కువ రాయను. బండి ఉరికింది. బీరువా తలుపు వణికింది. మైదానం చివర నేను చేసిన బ్రేకులు పట్టుకున్నాయి. "నూట ఎనభై ఆరు" అన్నాడు తెల్లచొక్కాల ఆయన. రత్నం సారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చేసే పని అది. ఆ ఒక్క నిమిషం మేం ఆరేళ్ళూ మరిచిపోయాం.

బండిని మళ్ళించి, టైర్లు చూసుకుని, పావుగంట తరవాత నేను తలెత్తాను. మైదానం నల్లగా మెరుస్తోంది. రాజలింగు ట్యాంకరు ఆ చివర నుంచి ఈ చివరకు నిదానంగా వస్తోంది, వెనకాల నీళ్ళు విసనకర్రలా పరుచుకుంటున్నాయి.

"ఏం చేసినవ్ రాజలింగూ?"

"తడిపిన అన్నా" అన్నాడు, పని బాగా చేసినవాడి ముఖంతో. "సార్ల అంగీల మీద దుమ్ము వడ్డది గద. తెల్లయి."

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఎవలన్న చెప్పాల్నా? ముప్పై ఏండ్ల సంది పెద్ద సార్లు వస్తున్నరంటే రోడ్డు తడుపుతున్న. చెప్పకముందే తడిపినందుకు రెండు సార్లు మెచ్చుకున్నరు."

అతన్ని తప్పుపట్టలేను. గనిలో పెద్ద ఆఫీసరు వస్తే దారి తడపాలి, అది మా రక్తంలో ఉంది. నేనే ట్యాంకరు దగ్గరుంటే నేనూ తడిపేవాణ్ణేమో. ట్యాంకరు నిండా నీళ్ళు, కింద ఏళ్ళనాటి మట్టి, మక్కల పొట్టు. కార్తీకపు ఎండకు అది ఎప్పటికి ఆరాలి? తప్పు తెలిశాక రాజలింగు ఏడుస్తూ కండువాతో నేల తుడవడం మొదలుపెట్టాడు. రైతులు గోనె సంచులు తెచ్చి పరిచారు. తెల్లచొక్కాల వాళ్ళు గడియారం చూస్తూ కాల్చిన మక్క కంకులు తిన్నారు.

ఆ గంట

నేను దిగి మైదానం మీద పది అడుగులు నడిచాను. నాలుగో అడుగుకే చెప్పు జారింది. బ్రేకుల మనిషిని. ఆ జారుడంటే ఏమిటో, నూట ఎనభైలో ఆ జారుడంటే ఏమిటో ఆ మైదానంలో నాకంటే తెలిసినవాడు లేడు. తెలిసీ తిరిగొచ్చి బండిలో కూర్చుని, పట్టీలు బిగించుకుని, హెల్మెట్ పెట్టుకున్నాను.

రత్నం సారు నా పక్కన నిలబడ్డాడు. ఆయనకూ తెలుసు. నన్ను ఆపలేదు. పొమ్మనీ అనలేదు. గడియారం చూశాడు.

అప్పుడు సరోజ చెట్టు కింద నుంచి లేచింది. చెప్పులు ఒక చేతిలో, పీట చంకలో, బురదలో నిదానంగా నడిచి వచ్చింది. వంగి, బండి ముందు చక్రం కింద పీట దూర్చింది. కాలితో ఒక తన్ను తన్ని గట్టి చేసింది. సరిగ్గా మేం వర్క్‌షాపులో చేసినట్టు. తరవాత నా కుడివైపుకు వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నవ్ సరోజా?"

"చెక్క పెట్టిన."

"తియ్యి. టైం పోతున్నది."

"తియ్య."

"దాని మీద పేరు నాది. నేను తీస్త" అని పట్టీ విప్పబోయాను.

"పేరు నీదే. పెట్టిన చెయ్యి నాది. ఎవలు పెడితె వాళ్ళే తియ్యాలె. బువ్వ తినుకుంట ఎన్నేండ్లు చెప్పినవ్?"

నాకు ఒళ్ళు మండింది. రత్నం సారు వైపు తిరిగాను. "సార్, మీరన్న చెప్పుండ్రి."

సారు వంగి ఆ చెక్క వైపు చూశాడు. పసుపు పెయింటు సగం పోయినా నా పేరు ఇంకా కనపడుతోంది. ఆయనే తెచ్చిన పెయింటు. అమ్మగారు ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న ఆ రెండు నెలలు ఇంకో నలభై నిమిషాల్లో అయిపోతాయి. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెట్టినవాళ్ళే తియ్యాలి కొమురయ్యా" అన్నాడు.

తెల్లచొక్కాల ఆయన కంకి నములుతూ వచ్చి, "ఈమె ఎవరండీ?" అని అడిగాడు.

"మా సేఫ్టీ ఆఫీసరు" అన్నాడు సారు.

నలభై నిమిషాలు నేను హెల్మెట్ పెట్టుకుని బండిలోనే కూర్చున్నాను. దిగితే ఓడిపోయినట్టని. సరోజ కదలలేదు. గంట నిండిందని వాళ్ళు కాగితం మీద రాసుకున్నాక, ఆమె వంగి చెక్క తీసి, కొంగుతో బురద తుడిచి, చంకలో పెట్టుకుంది. "ఇగ ఇంటికి పోదామా?" అంది. ఆ సాయంత్రమంతా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆరేళ్ళు ఆమె నన్ను భరించిన సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తు రాలేదు. అది కూడా రాసి పెడుతున్నాను.

మర్నాటి భోజనం

మర్నాడే సారు రాజమండ్రికి టికెట్ తీసుకున్నాడు. మళ్ళీ ప్రయత్నిద్దామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. బండి షెడ్డులోనే ఉండిపోయింది. పోయేముందు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. సరోజ మటన్ వండింది. ఆరేళ్ళలో మొదటిసారి నా కంచంలో కూడా వేసింది.

సారు రెండు ముద్దలు తిని ఆగాడు. లేచి కంచం పట్టుకుని నా కుడివైపుకు వచ్చి కూర్చున్నాడు.

"నిజం చెప్పు కొమురయ్యా. సరోజమ్మ ఆ చెక్క పెట్టకపోతే, వెళ్ళేవాడివా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. ఓదెలు కాలు గుర్తొచ్చింది.

"పోయేటోన్ని సార్."

సారు తల ఊపాడు. "నేను పంపేవాణ్ణి" అన్నాడు.

ఇద్దరం ఆపడమే వృత్తిగా బతికిన మనుషులం. ఒకడు ఆ రూలు పెట్టాడు, ఒకడు ఆ రూలు వల్ల మనిషయ్యాడు. ఒక గంట గడువుకు, ఆరు కిలోమీటర్ల వేగానికి, ఇద్దరం దాన్ని మరిచిపోయాం. కొత్తగా పనిలో చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పని రానివాడి చేతిలోనే ప్రమాదముంటుందని మీకు చెప్తారు. మాకు పని బాగా వచ్చు.

"అదృష్టం బాగుండి నువ్వు నిన్న పీట తెచ్చినవ్" అన్నాను సరోజతో. ముందు రోజు సాయంత్రం నుంచి ఆమెతో నేనన్న మొదటి మాట అది. "చెట్టు కింద కూసునేటందుకు తెచ్చింది, చక్రం కిందికి అక్కరకొచ్చింది."

సరోజ గరిటె గిన్నెలో పెట్టి నా వైపు చూసింది.

"కూసునేటందుకు తెచ్చిననుకున్నవా?" అంది. తరవాత సారు వైపు తిరిగి, కూర ఇంకొంచెం వెయ్యాల్నా అని అడిగింది.